డ్రమ్మును వడకట్టిన ఆదివారం

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది నలుగురు. హిల్డె, ఆమె అన్న వానెస్, వాడి స్నేహితుడు స్టెయిన్, వంటింట్లో బంగాళదుంపల తొక్క తీస్తున్న నాయనమ్మ. ముందు గదిలో బల్లెక్కి కూర్చున్న పెట్టెని కూడా కలిపితే ఐదుగురు. కలపాల్సిందే. ఆ రోజు దానికున్న మర్యాద నాయనమ్మకి కూడా లేదు.

ఆ పెట్టెని స్టెయిన్ బ్రస్సెల్స్‌లో ఎవరినో బతిమాలి తెచ్చాడు. పసిబిడ్డని దించినట్టు దించి, మీద కప్పిన తువ్వాలు తీశాడు.

"ఫిల్టరు. ఇందులోంచి దూరి వస్తే కుక్క అరుపు కూడా పాటైపోతుంది."

"అయితే ముందు నువ్వు దూరు," అంది హిల్డె.

ముగ్గురూ కలిసి చేస్తున్న మొదటి రికార్డు అది. సాయంత్రం టేపు కోసం ఆంట్‌వెర్ప్ నుంచి కంపెనీ మనిషి వస్తాడు. పాటంతా సిద్ధంగా ఉంది. తగవల్లా డ్రమ్ము దగ్గరే.

ఆ డ్రమ్ము హిల్డెది. చలికాలమంతా కరెంటుతో చప్పుళ్ళు పుట్టించే పాత సింథసైజర్ ముందు కూర్చుని, డెండర్ నదిలో సరుకు పడవ గట్టుకి తగిలినప్పుడు వచ్చే చప్పుడుని పట్టుకుంది.

"దిండు మంచం మీంచి పడ్డట్టుంది," అని తేల్చేశాడు స్టెయిన్. "పెట్టెలో వేసి చెక్కితే సరే. లేదంటే నా డ్రమ్మే వేద్దాం."

స్టెయిన్ డ్రమ్ము వింటే బిస్కెట్ల డబ్బా మెట్ల మీద దొర్లినట్టుంటుంది.

హిల్డెకి ఒళ్ళు మండింది. తన చప్పుడు తను చేసినది చేసినట్టే రికార్డులో ఉండాలి. ఆమెకి కావలసింది అంతే. కానీ వీళ్ళిద్దరితో వాదించి గెలిచిన రోజు ఇంతవరకూ లేదు.

"సరే, చెక్కుదాం," అంది.

మగవాళ్ళిద్దరూ కాఫీకి లేచారు. తీగలు బిగించే పని ఎప్పుడూ ఆమెదే. బల్ల కింద దూరితే వాళ్ళ ప్యాంట్లు నలుగుతాయి.

ఆ పెట్టె చేసేది కాఫీ వడకట్టడం లాంటి పనే. పెద్ద నాబ్ ఒక పక్కకి తిప్పితే చప్పుడులోని గరగర పైనే ఆగిపోయి, లోతు మాత్రం కిందికి దిగుతుంది. చిన్న నాబ్ తిప్పితే కోసిన చోట జలుబు చేసిన ముక్కులా మోగుతుంది. వాళ్ళు తిరిగొచ్చేసరికి హిల్డె రెండింటి మీదా రెండు చేతులూ వేసుకుని కూర్చుంది.

"మొదలెట్టు," అని స్టెయిన్ కళ్ళు మూసుకున్నాడు.

ధుమ్. ధుమ్.

"గొంతులో దుప్పటి కుక్కినట్టుంది. కొంచెం తెరువు."

ఆమె తిప్పింది.

"ఆ... ఇప్పుడు గాలి ఆడుతోంది."

"మరీ ఆడుతోంది, జలుబు చేస్తుంది," అన్నాడు వానెస్. "మూసెయ్యవే."

ఆమె ఇటు తిప్పింది.

"ఒరే, చంపేశావు కదరా దాన్ని," అన్నాడు స్టెయిన్. "చెవులున్నాయా నీకు?"

"నీకంటే రెండు ఎక్కువే ఉన్నాయి."

"ఒరే అన్నయ్యా, ముందు మీరిద్దరూ ఒక మాట మీదికి రండి. నా మణికట్టు పోతోంది," అంది హిల్డె.

నాయనమ్మ కత్తితోనే గుమ్మంలోకి వచ్చింది. "ఏరా, పొద్దున కొట్టిందే కదరా ఇంకా కొడుతున్నారు. ఇంకో చప్పుడు రాదా మీకు?"

"పాపం, బామ్మగారికి చెవులు పోయాయి," అన్నాడు స్టెయిన్ మెల్లగా.

"నీ నోరు మాత్రం బాగానే వినిపిస్తోంది నాయనా," అని ఆవిడ దుంపల దగ్గరికి వెళ్ళిపోయింది.

భోజనాల వేళకి హిల్డె పెద్ద నాబ్‌ని వెంట్రుకవాసి కదిపింది. స్టెయిన్ చెయ్యెత్తాడు.

"ఆగు. చెయ్యి తియ్యి. ఊపిరి కూడా గట్టిగా పీల్చకు. ఇదే."

వానెస్ చేతిమీద రోమాలు లేచాయి. అందరికీ చూపించాడు.

"పొద్దుటి దానికీ దీనికీ అంత తేడా ఉందా?" అని అడిగింది హిల్డె.

"ఇంకా అడుగుతున్నావా? అది దిండు. ఇది గుండె. అందుకే నువ్వు తీగలు బిగించు, వినే పని మాకొదిలెయ్యి."

"అయితే ఇక దీన్ని మార్చరుగా?"

"ముట్టుకున్నవాడి వేలు విరగ్గొడతా."

"నువ్వు కూడా ముట్టుకోవద్దు," అని వానెస్ ఆమె భుజాలు పట్టి కుర్చీలోంచి లేపాడు. "రికార్డు చేసేస్తాం. నువ్విక్కడుంటే చెయ్యి ఊరుకోదు. పో, నాయనమ్మకి సాయం చెయ్యి."

హిల్డె బుద్ధిమంతురాలిలా నడిచింది. వెనకాల స్టెయిన్ పెట్టెని ఒకసారి ప్రేమగా నిమిరి వచ్చి, ఆమె ముఖం మీదే తలుపేసి గడియ పెట్టాడు.

పొద్దున డ్రమ్మును నేరుగా టేపు యంత్రానికే కలిపేసి, ఆ పెట్టెకి తగిలించకుండా స్వెట్టరు లోపల దాచుకున్న తీగని హిల్డె అప్పుడు బయటికి తీసింది.