కోత ఆర్డరు

"సారూ, చక్కెర కార్ఖానా రైతును ఎట్ల కట్టేసిందో పుస్తకం రాసింది మీరే. ఇయ్యాల ఆ కార్ఖానా ఆఫీసర్లకే వ్యాపార పాఠాలు చెప్తున్నరు. సిగ్గనిపిస్తలేదా?"

నిజామాబాద్ కాలేజీ వరండాలో అందరి ముందే నిలదీశాను. బొంబాయి కొలువు వదులుకొని, మా జిల్లా ఆర్థిక చరిత్ర రాయడానికి వచ్చిన దశరథం సారు ఆయన. ఆయన పాఠాలు విన్నాకే నేను కరపత్రాలు చదవడం మొదలుపెట్టాను.

"రేపు బోధన్‌ల కార్ఖానా గేటు ముందట మీటింగు వెడ్తున్న. మీరొచ్చి మాట్లాడాలె."

"నేను రాను బిడ్డా. కోత ఆర్డరు ఇచ్చేది ఆళ్లే. అది రాకుంటే పండిన చెరుకు నిలబడే ఎండుతది. గానుగ ఆడి బెల్లం వండుకుందమన్నా ఒప్పుకోరు."

"మీరు అమ్ముడుపోయిండ్రు సారూ!"

ఆయన కళ్లద్దాలు తుడుచుకొని క్లాసులోకి వెళ్లిపోయాడు.

ఊరికి వచ్చేసరికి మా బాపు పాట పాడుకుంటూ బండి ఇరుసుకు కందెన పూస్తున్నాడు.

"మన చెరుకుకు ఆర్డరొచ్చింది రా! రేపే కోసి తోలాలె. మీ దశరథం సారే ఇప్పిచ్చిండు. పాఠం చెప్పవోయినప్పుడల్లా ఆఫీసర్లను బతిమిలాడి, ఒక్కొక్క రైతుకు ఇప్పిస్తుండట."

చేతిలోని కరపత్రాలు సంచిలోకి తోశాను.

"రేపు గేటు కాడ ఎవడో పోరడు లొల్లి వెడ్తడట," అన్నాడు బాపు. "లొల్లయితే గేటు బంద్ వెడ్తరు. ఆడెవడో గని, మన బండ్లు లోపలికి వొయ్యేదాంక ఆగుతే బాగుండు."

"ఆగుతడు తియ్యి బాపూ," అన్నాను.