రొద చాటున

"ఆ పాట కాస్త పెంచుతావా, అమ్మా?"

స్క్రూడ్రైవరు చేత్తోనే తలుపు తీసిన ఆమెకు చిర్రెత్తుకొచ్చింది.

సౌండు తగ్గించమనే పొరుగువాళ్లను చూసింది గానీ, పెంచమనేవాళ్లను ఇదే చూడటం. పక్క వాటాలో కొత్తగా అద్దెకు దిగిన పెద్దావిడ.

"పెంచితే రొద తప్ప ఏమీ వినపడదు, ఆంటీ. అది మా అమ్మ పాడిన జోలపాట. నాకు ఊహ తెలియకముందే పోయింది. మిగిలింది ఈ ఒక్క క్యాసెట్టే."

పెద్దావిడ గుమ్మాన్ని పట్టుకుంది.

"అమ్మ తరఫు వాళ్లెవరూ లేరా?"

"ఉన్నారో లేరో. నాన్న వాళ్ల ఊసే ఎత్తనిచ్చేవాడు కాదు."

"నీకో మాట చెప్పాలమ్మా..."

"తర్వాత, ఆంటీ. టేపు పొడిపొడిగా రాలిపోతోంది. పూర్తిగా పోయేలోగా పాటని ఫోన్లోకి ఎక్కించుకోవాలి."

తలుపు వేసేసింది.

మర్నాడూ తలుపు చప్పుడైంది. ఆమె లేవలేదు.

ఇంకో మూడు రోజులకు, రొద పాటలో కలవకుండా బిస్కెట్ల రేకు డబ్బా కత్తిరించి టేప్‌రికార్డర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ గోడలా నిలబెట్టింది. పాటను మోసుకొచ్చే సన్నటి తీగకు రాగి రేకు చుట్టి, రెండు కొసల్నీ లోపలి ఇనప చట్రానికి బిగించింది.

క్యాసెట్టు పెట్టకుండా స్విచ్ వేసి చూసింది. రొద తగ్గకపోగా ఇంకా పెరిగింది.

ఉన్నదాన్ని కూడా చెడగొట్టానా?

రెండు వైపులా బిగించడమే తప్పేమోనని రాగి రేకు ఒక కొస విప్పేసింది.

రొద ఆగిపోయింది.

క్యాసెట్టు పెట్టి, టేపు తెగకూడదని వెయ్యి దేవుళ్లకు మొక్కుకుంటూ మీట నొక్కింది.

పాటకు ముందు మాటలున్నాయి. రొద చాటున ఇన్నేళ్లూ వినపడని మాటలు. నీరసంగా ఒక ఆడగొంతు.

"నావల్ల కావట్లేదే, చెల్లీ. ఆయాసమొస్తోంది. నువ్వే పాడు. నా బంగారుతల్లి నీ పాటకైతేనే పడుకుంటుంది."

వెంటనే పాట అందుకుంది ఇంకో గొంతు.

చిన్నప్పట్నుంచీ అమ్మదనుకున్న గొంతు!

అమ్మకో చెల్లెలుందా? ఎక్కడుంది? ఎవర్నడగాలి?

బెల్ మోగింది. పక్కింటావిడే అయ్యుంటుంది. ఈసారి లోపలికి పిలిచి కూర్చోబెట్టాలనుకుంది. ఈ సంగతి ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఉండబట్టేలా లేదు.

గుమ్మంలో ఇంటి ఓనరు.

"పక్క వాటా ఆవిడ పొద్దున ఆస్పత్రిలో పోయారమ్మా. గుండె జబ్బు. మొన్న చేర్చాం."

"అయ్యో! వాళ్లవాళ్లకి కబురు పెట్టారా?"

ఓనరు ఆమె మొహంలోకి తెల్లబోయి చూశాడు.

"పెట్టడానికే వచ్చానమ్మా. అక్క కూతురి పక్కనే ఉండాలని ఏరికోరి ఈ వాటా తీసుకున్నారుగా!"