ఐదో ఉత్తరం

ఫారంలో ఒక్క గడి మాత్రం ఖాళీగా ఉంది.

‘మీరు మాట్లాడలేని స్థితిలో ఉంటే మీ తరఫున నిర్ణయం తీసుకునేవారు.’

“ఎవరో ఒకరి పేరు రాయండి సార్,” అంది నర్సు మరియరాణి. “ఇంకో గంటలో గుండె ఆపరేషన్‌కి తీసుకెళ్తారు.”

హ్యూ పెన్‌బరీ కిటికీలోంచి బయటికి చూశాడు. ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరం మీద వాన ఆగకుండా కురుస్తోంది. ఆయన వచ్చిన విహారనౌక పొద్దున్నే వెళ్ళిపోయింది. భోజనాలయ్యాక ప్రయాణికులకు ఉపన్యాసాలివ్వడం అందులో ఆయన ఉద్యోగం. గుండెనొప్పి వస్తే, ఆయన్నీ ఆయన సూట్‌కేసునీ ఇక్కడ దింపేశారు.

“మీ భార్య?”

“విడిపోయాం.”

“పిల్లలు?”

“లేరు.”

“పోనీ, స్నేహితులు?”

“ముప్పై తొమ్మిది రోజులపాటు చాలామంది ఉండేవారు.”

ఆమెకు అర్థం కాలేదు.

కారిడార్‌లో అనీషా ఎదురైంది. ఆపరేషన్ థియేటర్ నర్సు, గుడివాడ పిల్ల.

“అక్కా, నీ సెవెంత్ బెడ్ ఎవరనుకున్నావ్? బ్రిటన్ ఎక్స్ ప్రైమ్ మినిస్టర్! ఇప్పుడే గూగుల్ చేశా. థర్టీ నైన్ డేసే చేశాడంట. నా ప్రొబేషనే సిక్స్ మంత్స్!”

“నవ్వకే. ఆయనకేమన్నా అయితే ఫోన్ చెయ్యడానికి ఒక్క నంబర్ లేదు.”

తిరిగొచ్చేసరికి ఆయన కాగితం మీద ఏదో రాస్తున్నాడు. సూది గుచ్చిన చెయ్యి మెల్లగా కదులుతోంది.

“పదవిలోకి రాగానే మా ప్రధాని తన చేత్తో నాలుగు ఉత్తరాలు రాయాలి,” అన్నాడు తలెత్తకుండా. “నాలుగు అణు జలాంతర్గాముల కెప్టెన్లకి. యుద్ధంలో దేశం మొత్తం పోయి, అడగడానికి ఎవరూ మిగలకపోతే ఏం చెయ్యాలో. రెండు రోజులు తలుపేసుకుని రాశాను. నేను చేసిన మంచి పని అదొక్కటేనేమో.”

“ఏం రాశారు సార్?”

“ఎవరికీ తెలీదు. దిగిపోగానే, విప్పకుండానే వాటిని నాశనం చేస్తారు. అదీ పద్ధతి.”

కవరు అంటించి ఆమె చేతిలో పెట్టాడు.

“నా సంగతి నేను చెప్పుకోలేకపోతేనే తెరవండి. లేచానంటే ఇలాగే తిరిగిచ్చెయ్యండి.”

కవరు మీద పేరు లేదు. ‘డ్యూటీలో ఉన్నవారికి’ అని ఉంది.

మధ్యాహ్నం మూడింటికి వార్డు ఫోను మోగింది.

“అక్కా!” థియేటర్ నుంచి అనీషా. “నీ పేషెంట్ హార్ట్ ఆగిపోయింది. ట్వెల్వ్ మినిట్స్ నుంచి సీపీఆర్ చేస్తూనే ఉన్నారు. ఇంకా చెయ్యమంటాడా, వదిలెయ్యమంటాడా? ఏమైనా రాసిచ్చాడా అని డాక్టర్ అడుగుతున్నాడు.”

“కవరిచ్చాడు.”

“అయితే ఓపెన్ చెయ్యి! ఫాస్ట్‌గా!”

మరియరాణి జేబులోంచి కవరు లాగింది. మడత కింద వేలు దూర్చింది. కాగితం పర్రున చిరిగింది.

“ఆగు... ఆగాగు అక్కా... వచ్చింది! కొట్టుకుంటోంది!”

వేలు అక్కడే నిలిచిపోయింది.

లోపలి ఉత్తరం అంచు తెల్లగా కనిపిస్తోంది. రెండు వేళ్ళతో పట్టి లాగితే వచ్చేస్తుంది.

ఆమె కవరును మళ్ళీ జేబులో పెట్టుకుంది.

మూడో రోజు ఆయన గొంతులోంచి గొట్టం తీశారు. ఆ మూడు రోజుల్లో ఆయన కోసం ఎవరూ రాలేదు. ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

మరియరాణి కవరు తిరిగిచ్చింది. సగం చిరిగిన అంచు మీద ఆయన బొటనవేలు ఆగింది. తల ఆశగా దిండు మీంచి లేచింది.

“చదివారా?”

“లేదు సార్, ఒట్టు! చింపుతుండగానే మీ గుండె మళ్ళీ మొదలైంది.”

ఆయన తల మెల్లగా దిండు మీదికి వాలింది.

“తిరిగి రావడానికి కాస్త తొందరపడ్డాను,” అన్నాడు.