పట్టాభిగారి కోస్తా టూరు

పెళ్లిచూపులకి కూర్చోనని సింధూర మూడోసారి చెప్పిన రోజు సాయంత్రమే, ఆమె తండ్రి పట్టాభి కోస్తా టూరు ప్రకటించాడు.

మన్సూరాబాద్‌లోని ఇంట్లో, హాల్లో ఉన్న ఫ్రిజ్ మీద కాగితం అంటించాడు. శనివారం ఘంటసాల బౌద్ధస్తూపం, తర్వాత బందరు కోట. ఆదివారం పొద్దున్నే హంసలదీవి, సాగరసంగమం. కింద ఎర్రసిరాతో 'మన చరిత్ర మనం తెలుసుకోవాలి' అని రాశాడు.

పాతికేళ్లుగా చావుకో పెళ్లికో తప్ప అటువైపు వెళ్లని మనిషికి చరిత్ర మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టిందో భార్య అమ్మాజీకి తెలుసు. స్తూపం దగ్గర ఒక పెళ్లికొడుకు, కోట దగ్గర ఒక పెళ్లికొడుకు, తల్లిదండ్రులతో సహా 'అనుకోకుండా' కలుస్తారు. మూడోచోటు మొక్కు కోసం. శ్రావణంలోగా సంబంధం కుదరకపోతే పిల్లకి ఇరవైతొమ్మిది వస్తుంది. ఆ తర్వాత ఇక ఎవరూ గుమ్మం తొక్కరని పట్టాభి భయం. నిద్ర కూడా సరిగా పట్టడం లేదు.

సింధూర దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతుంది. కాగితం రెండుసార్లు చదివింది.

"బావుంది నాన్నా. కారు నేను మాట్లాడతాను" అంది.

పట్టాభి ఆమె తెలివితక్కువతనానికి లోలోపల మురిసిపోయాడు.

కారు సరూర్‌నగర్ నుంచి వచ్చింది. తెచ్చినవాడు కృష్ణ. సింధూరతో పనిచేసే శ్రీకళకి అన్న. కిరాయి ఎంతని పట్టాభి అడిగితే డీజిల్ పోయిస్తే చాలన్నాడు. బేరమాడే అవకాశం లేకపోయేసరికి పట్టాభికి అనుమానం వచ్చింది. కారు చుట్టూ తిరిగి టైర్లు తన్ని చూశాడు. టైర్లు బాగానే ఉన్నాయి.

వెనక కూర్చుంటే కళ్లు తిరుగుతాయని సింధూర ముందు కూర్చుంది. పెద్ద అంబర్‌పేట్ దాటకముందే పట్టాభి చరిత్ర మొదలుపెట్టాడు. విజయవాడ దాటేదాకా ఆపలేదు. విన్నది డ్రైవరు ఒక్కడే. "అవునా సార్" అని ప్రతి రాజుకీ ఒకసారి అన్నాడు.

ఘంటసాలలో ఉపేంద్ర కుటుంబం అనుకోకుండా కలిసింది. అనుకోకుండా పట్టుచీర కట్టుకొచ్చిన తల్లి, అనుకోకుండా జాతకం జేబులో పెట్టుకొచ్చిన తండ్రి. అన్నీ వదిలేసి వెళ్లిన బుద్ధుడి స్తూపం చుట్టూ ప్రదక్షిణం చేస్తూ, ఆ తల్లి కొడుక్కున్న ఫ్లాట్లు, అవి ఏ అంతస్తులో ఉన్నాయో వివరించింది. ఉపేంద్ర మాత్రం స్తూపంలో ఇటుకలు ఎన్ని ఉంటాయని సింధూరని అడిగాడు. లెక్కపెట్టి చెప్పమని ఆమె అతన్ని అక్కడే వదిలేసి వచ్చింది.

బందరు కోట దగ్గర ప్రసన్నకుమార్. డచ్చివాళ్లు సరుకు బేరానికి వచ్చి కట్టుకున్న చోటు. ఇప్పుడు మిగిలింది మొండిగోడలే. రెండు వందల ఏళ్ల తర్వాత అక్కడ మళ్లీ బేరం మొదలైంది. పెళ్లయ్యాక ఉద్యోగం మానేస్తుందా అని ప్రసన్నకుమార్ తల్లి అడిగింది. పట్టాభి మానేస్తుందన్నాడు. సింధూర నవ్వింది. ఆ నవ్వు చూసి పట్టాభికి ప్రాణం లేచొచ్చింది. అప్పటినుంచి ఆమె నవ్వుతూనే ఉంది. గోడల ముందు, బందరు లడ్డూ కొట్టు ముందు ఫొటోలు దిగింది. డ్రైవర్ని కూడా పిలిచి నిలబెట్టింది. మనుషుల్ని కలుపుకుపోయే పిల్ల అని పట్టాభి ప్రసన్నకుమార్ తండ్రితో చెప్పుకున్నాడు.

రాత్రికి లాడ్జిలో దిగారు. డ్రైవరు కారులో పడుకుంటాడులే అన్నాడు పట్టాభి. పడుకున్నాడు.

తెల్లవారి హంసలదీవి. కృష్ణానది సముద్రంలో కలిసేచోటు. దంపతులు కొంగులు ముడేసుకుని, చేతులు పట్టుకుని కలిసి మునిగితే సరిగంగ స్నానం. జన్మజన్మల పుణ్యం. పట్టాభి, అమ్మాజీ మునిగి వచ్చారు. సింధూర మోకాళ్లలోతులో నిలబడి, అలలంటే భయమంది.

పట్టాభి మోకాళ్లు అప్పటికే అరిగి ఉన్నాయి. ఒడ్డున కూలబడి కేకేశాడు.

"ఓ బాబూ, చూస్తావేంటి? అమ్మాయి చెయ్యి పట్టుకో. గట్టిగా పట్టుకో. వదిలావంటే ఊరుకోను."

కృష్ణ పట్టుకున్నాడు. ఇద్దరూ మూడు మునకలు వేశారు. పట్టాభి ఒడ్డునుంచి లెక్కపెట్టాడు.

తడిబట్టలతో నడిపితే జ్వరమొస్తుందని, మనం ఇల్లు చేరొద్దా అని అమ్మాజీ గొణిగింది. సంబంధం కుదిరితే అబ్బాయికి పెడదామని తెచ్చిన కొత్త పంచెల చాపు సంచిలోంచి తీసింది. పట్టాభి గింజుకున్నాడు కానీ, ప్రాణం కన్నా పంచె ఎక్కువా అని సరిపెట్టుకున్నాడు. అమ్మాజీ అలవాటు కొద్దీ డ్రైవరుకి బొట్టు కూడా పెట్టి ఇచ్చింది.

దీపాలు పెట్టే వేళకి మన్సూరాబాద్ చేరారు. కృష్ణ సంచులన్నీ హాల్లోకి మోశాడు. మోశాక వెళ్లలేదు. అంచు పంచెలో అలాగే నిలబడ్డాడు. పట్టాభి జేబులోంచి ఐదొందల నోటు తీశాడు. అతను పుచ్చుకోలేదు.

"ఇంకేం కావాలయ్యా నీకు?"

"ఏమొద్దు సార్. బట్టలు గూడ పెట్టిన్రు గద."

పట్టాభికి అతనితో పెట్టుకునే ఓపిక లేదు. కూతురివైపు తిరిగాడు. గొంతు తగ్గించి, దాదాపు బతిమాలుతున్నట్టు అడిగాడు.

"ప్రసన్నకుమార్ వాళ్లకి రేపు ఫోన్ చెయ్యాలమ్మా. నవ్వావు కదా. ఏమని చెప్పను?"

సింధూర హ్యాండ్‌బ్యాగులోంచి ఒక కాగితం తీసి, ఫ్రిజ్ మీదున్న టూరు కాగితం పక్కన అంటించింది: రిజిస్ట్రారు ఆఫీసులో ఇచ్చిన పెళ్లి సర్టిఫికెట్టు, వరుడు సరూర్‌నగర్ కృష్ణ, తేదీ టూరుకి పదకొండు రోజుల ముందుది.