రంగునీళ్ల చేపపిల్లలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది అమ్మ, అక్క, నేను, స్నానాలగదిలో రెండు టబ్బుల నిండా చేపపిల్లలు. అవి అక్క కాలేజీ ప్రాజెక్టు తాలూకు చుట్టాలు. వాటి ధర్మమా అని రెండు రోజులుగా ఎవరికీ స్నానం లేదు.

నా పదో తరగతి అయిపోయింది కాబట్టి ఆ రోజు నుంచి నేనూ అమ్మతో అద్దకం షెడ్డు పనికి వెళ్లాలి. నాకు ఇష్టం లేదు. ఆ మాట చెప్పే ధైర్యం అసలే లేదు. అమ్మ పాత ఏప్రాన్ కట్టుకుని నిలబడ్డాను.

“ఒసేయ్, ఈ టబ్బులో అన్నీ చచ్చాయేంటే?” అని అమ్మ అరిచింది.

“అవి ఏటికి ఎగువన మంచినీళ్లలో ఉండే తల్లుల పిల్లలు. రెండు టబ్బుల్లోనూ మీ షెడ్డు వదిలే రంగునీళ్లే పోశాను. ఆ రెండోవి మీ షెడ్డు నీళ్లు పారే కాలువలో బతికే తల్లుల పిల్లలు. చూడు, ఎలా ఎగురుతున్నాయో,” అంది అక్క.

“చూశావా!” అని అమ్మ నా వైపు చెయ్యి చూపించింది. “దీన్ని కడుపున మోస్తూ నేనూ ఆ నీళ్లలోనే పనిచేశాను. దీనికేం కాదు. పదవే.”

“ఆ బలం నీళ్లది కాదమ్మా. మురికినీళ్లకి ఒళ్లు లోపల తుప్పు పట్టినట్టవుతుంది. దాన్ని ఆపే యాంటీఆక్సిడెంట్లని తల్లి తన ఒంట్లోంచి తీసి గుడ్లలో పెడుతుంది.”

“మరి తల్లికి?”

“పెద్దగా ఏం మిగల్దు. కోసి చూస్తే కాలేయం పాడైపోయి ఉంది.”

అమ్మ కాసేపు దగ్గింది. “పిల్లలకి ఆ బలం ఎన్నాళ్లొస్తుంది?”

“కొన్నాళ్లే. అక్కడే పెరిగితే వాటికీ అయిపోతుంది.”

అమ్మ నీలం పట్టిన వేళ్లతో నా ఏప్రాన్ ముడి విప్పింది.

“కంపు కొడుతున్నావ్. ఆ చేపల్ని బకెట్లోకి మార్చి స్నానం చెయ్యి. కాలేజీ ఫారం అక్కతో నింపించుకో.”

నేను “అమ్మా” అనేలోపే ఆ ఏప్రాన్ తను కట్టుకుని బయటికి నడిచి, నా ముఖం మీదే తలుపేసింది.