వెచ్చని బానెట్

"ఇంజన్ చల్లగా ఉండగా మొదటిసారి నేనే స్టార్ట్ చెయ్యాలన్నాను, గుర్తుందిగా బావా?" అంది పడవ నడిపే ఆవిడ, షెడ్డుకు వెళ్లే దారిలో.

"గుర్తుంది తల్లీ. బండి కొనడానికొచ్చావా, పెళ్లిచూపులకొచ్చావా?" అన్నాడు అక్క మొగుడు. ఈ బండిని వెతికిపెట్టింది అతనే.

పాత బళ్ల వ్యాపారి షెడ్డు తలుపు తీశాడు. "నాలుగు చక్రాలూ లాగే డీజిల్ బండమ్మా. స్టార్ట్ చేసి వారమైంది."

ఈ బండితో రేవు వాలు మీద రెండు టన్నుల పడవను పైకి లాగాలి. మధ్యలో ఇంజన్ ఆగితే పడవా బండీ నీళ్లలోకే పోతాయి, లోపల కూర్చున్నవాళ్లతో సహా. పాత డీజిల్ ఇంజన్ లోపం చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుందని, ముందే వేడి చేసి పెడితే దాగిపోతుందని ఆవిడకు పడవ ఇంజనే నేర్పింది.

వ్యాపారి ఇవ్వబోయిన తాళం చెవి ఆవిడ అందుకోలేదు. బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది.

"ఎండకమ్మా," అన్నాడు వ్యాపారి.

"షెడ్డులోనా?"

"నీళ్లలో తిరిగేదానివి, నీకు బళ్ల సంగతేం తెలుసు?" బావ గొంతు పెంచాడు. "పెద్దమనిషిని పట్టుకుని దొంగంటావా?"

"ఆయన్నెందుకంటాను? చల్లటి ఇంజన్ చూస్తానని ఆయనకు నేను చెప్పలేదు. నీకొక్కడికే చెప్పాను."

వ్యాపారి బావ వైపు చూశాడు. బావ టైర్ల వైపు చూశాడు.

"ఈ బేరంలో నీ వాటా ఎంతో నాకక్కర్లేదు బావా," అంది ఆవిడ, చెయ్యి తుడుచుకుంటూ. "రేవులో పడవ లాగేటప్పుడు నా పక్క సీట్లో కూర్చునేది అక్క. ఆ సంగతి ఈయనకు చెప్పావా?"