మరిపెడ నుంచి ఫోను

"సారూ, మీ పేజీ తెరుసుకుంటలేదు."

ఈ వారంలో ఇది ఏడోసారి. నితిన్‌కు ఒళ్లు మండింది.

"పెద్దులన్నా, నీది ఏం ఫోను?"

"బటన్లది సారూ. మొన్నటిదాంక మంచిగనే కనవడ్డది. గిప్పుడు అంత తెల్లగ వస్తంది."

"గా డబ్బాల మా పేజీ రాదన్నా. జర కొత్తది కొనుక్కోరాదు!"

"గది గాదు సారూ, మా ఊర్లె..."

నితిన్ ఫోను పెట్టేశాడు.

కేసముద్రం మార్కెట్ యార్డు వెబ్‌సైటు నితిన్, శైలజ కలిసి చేసింది. పత్తి ధర ఎంత, తెలంగాణ ఉద్యమం బందుల్లో రేపు యార్డు తెరుస్తారా లేదా, రైతు ఇల్లు కదలకముందే తెలియాలని వాళ్ల ఆశ.

మొదట శైలజ సాదా పట్టిక పెట్టింది. అది నితిన్ కంటికి ఆనలేదు. వారం కింద అంతా బొమ్మలు కదిలే ఫ్లాష్‌లో మళ్లీ కట్టాడు. ఇప్పుడు పత్తికాయ బొమ్మ మీద నొక్కితే అది పగిలి ధర బయటికొస్తుంది. మహా గొప్ప!

"జావాస్క్రిప్ట్‌తోని చేద్దాం నితిన్. బొమ్మ కదలకున్నా పట్టికన్న కనవడ్తది. చిన్న ఫోన్లల్ల ఫ్లాష్ అసలే రాదు," అని శైలజ మొత్తుకుంది.

"ఒక్క పెద్దులు కోసం సైటంత మార్చాల్నా? మరిపెడ దిక్కు చూసేటోడే ఆయనొక్కడు!"

ఆ సాయంత్రమే మర్నాటి బందు ఖాయమైంది. 'రేపు యార్డు ఉండదు' అని నితిన్ పేజీలో ఎర్రటి అక్షరాలు మెరిపించాడు.

ఫోను మోగింది. మళ్లీ పెద్దులే. నితిన్ విసుక్కుని ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే వాన దంచికొట్టింది. మూసిన యార్డు గేటు ముందు, చీకటితోనే మరిపెడ దిక్కు నుంచి బయల్దేరి వచ్చిన ముప్పై ట్రాక్టర్ల పత్తి తడిసి ముద్దయింది.

సంగతి తెలిసి నితిన్ పరుగెత్తుకొచ్చాడు. కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"బందని నిన్ననే పెట్టినం గద అవ్వా! మీ దిక్కోళ్లు ఒక్కలు గూడ చూడలేదా?" అని ట్రాక్టరు పక్కన నిలబడ్డ మంగమ్మ అనే రైతు మీద అరిచాడు.

మంగమ్మ కొంగు పిండుకుంటూ అతన్ని ఎగాదిగా చూసింది.

"వారం సంది మాకేం ఎరుకైతలేదు బిడ్డా. గవన్ని చూసే ఫోన్లు మాకేడియి? రోజు పొద్దూకంగ సైకిలుకు మైకు కట్టుకొని, ఐదూర్లు తిరిగి మీ పేజీ సదివి ఇనిపిచ్చేది మా పెద్దులే."